ఐవీ లీగు ఫుట్‌బాలు సన్నాహము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆగస్టు మాసము వచ్చినదనగా విశ్వవిద్యాలయముల ఆటస్థలములు మేల్కొనును. తరగతులు ఇంకను ప్రారంభము కావు. గ్రంథాలయములలో బల్లలు ఖాళీగానే యుండును. మైదానములందు మాత్రము ప్రొద్దు పొడిచినది మొదలు శిక్షకుల ఈలలు, ఆటగాండ్ర కేకలు వినవచ్చును. శరత్కాలమున జరుగు ఫుట్‌బాలు పోటీలకు అది సన్నాహ సమయము. ఆ దేశమున ఒక్కొక్క కళాశాల తన ఇష్టము వచ్చినట్లు విడిగా ఆడుకొనుట అరుదు. కొన్ని విశ్వవిద్యాలయములు ఒక కూటమిగా ఏర్పడి, తమలో తాము ఆడుకొనుటకు నియమములను వ్రాసికొనును. అట్టి కూటమిని వారు కాన్ఫరెన్సు అందురు. అందులో ఐవీ లీగు అను కూటమి మిగుల ప్రసిద్ధమైనది. ఆటలో అది అందరికంటె బలమైనది కాదు. ఆటకు హద్దులు ఏర్పరచుటలో అందరికంటె పట్టుదల గలది. ఆ కూటమి ఆటల కాలమునకు ఎట్లు సిద్ధమగునో, ఆ సిద్ధపాటులో ఇటీవల వచ్చిపడిన చిక్కు ఎట్టిదో నేడు మనవి చేయదలచినాను.

ముందుగా ఆటను గురించి రెండు మాటలు. ఫుట్‌బాలు అనగానే మన శ్రోతలకు కాలితో తన్ను గుండ్రని బంతి స్ఫురించును. ఆ ఆటను అమెరికా వారు సాకరు అందురు. వారి ఫుట్‌బాలు వేరు. బంతి గుండ్రముగా నుండక, రెండు కొనలును కూచిగా నుండును. దానిని చేతపట్టి పరుగెత్తవచ్చును, తోటివానికి విసరవచ్చును. పక్షమునకు 11 మంది. రెండు గోలు గీతల నడుమ దూరము 100 గజములు. బంతి చేజిక్కిన పక్షమునకు నాలుగు ప్రయత్నములు ఇయ్యబడును. ఆ నాలుగింటిలో 10 గజములు ముందునకు సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును. సాగనిచో బంతి ఎదుటివారి పాలగును. మన చెడుగుడులో గీత దాటి వచ్చినవానిని పట్టి ఆపుట అందరును ఎరిగినదే. ఇందును బంతి గలవానిని పట్టి నేలకూల్చుటయే ఎదుటివారి పని. అయితే చెడుగుడులో కూతకు వచ్చువాడు ఒక్కడే. ఇక్కడ 11 మందియు 11 మందియు ఒక్కమారుగా, తలకు హెల్మెట్టులతో, భుజములకు దిండు కవచములతో ఒకరినొకరు ఢీకొందురు. ఆ ఢీకొనుటలోనే ఈ ఆటయొక్క ఆకర్షణ యున్నది. దాని అపాయమును అందే యున్నది.

1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమందలి న్యూ బ్రన్స్‌విక్కు పట్టణమున రట్గర్సు, ప్రిన్స్‌టన్ కళాశాలలు ఆడిన ఆటను అమెరికా కళాశాలల ఫుట్‌బాలుకు నాందిగా చెప్పుదురు. నాటి ఆట నేటి సాకరునకే దగ్గర. తరువాత 1880 ప్రాంతమున యేలు విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టరు కాంపు అను నాతడు చేసిన మార్పులతో అది క్రమముగా నేటి రూపము దాల్చినది. రూపముతోపాటు మోటుదనమును పెరిగినది. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఆటలో దెబ్బలు తిని విద్యార్థులు మరణించుట తరచయ్యెను. 1905 అక్టోబరులో అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు హార్వర్డు, యేలు, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయముల ప్రతినిధులను శ్వేతసౌధమునకు పిలిపించి, ఆటను బాగుచేసికొనుడని చెప్పవలసివచ్చెను. మరుసటి ఏడు బంతిని ముందునకు విసరుటకు అనుమతి లభించినది. దానివలన గుంపులు గుంపులుగా తోసికొనుట కొంత తగ్గినది. కళాశాలల ఆటలను నేడు పర్యవేక్షించు జాతీయ సంఘము, అనగా ఎన్.సి.ఎ.ఎ., ఆ 1906 కలవరము నుండియే పుట్టినది. ఈ ఆటలో నియమములు ముందుచూపు వలన పుట్టినవానికంటె దుఃఖము వలన పుట్టినవే యెక్కువ అని చెప్పిన తప్పులేదు.

ఇక ఐవీ లీగు సంగతి. ఐవీ యనగా పాత రాతికట్టడముల గోడలమీదికి ప్రాకు ఒక తీగ. పురాతనమైన ఈ విద్యాపీఠములకు ఆ తీగ పేరే కూటమి పేరైనది. సభ్యులు ఎనిమిది: బ్రౌను, కొలంబియా, కార్నెలు, డార్ట్‌మత్, హార్వర్డు, పెన్సిల్వేనియా, ప్రిన్స్‌టన్, యేలు. అన్నియు ఆ దేశపు ఈశాన్య భాగముననే యున్నవి. 1945లో వీని అధ్యక్షులు ఫుట్‌బాలును గూర్చి ఒక ఒడంబడిక చేసికొనిరి. 1954లో దానిని తక్కిన ఆటలకును విస్తరింపజేసిరి. 1956 మొదలు ఎనిమిదింటిలో ప్రతిదియు తక్కిన ఏడింటితోను ఏటేట ఆడు పద్ధతి ఫుట్‌బాలున స్థిరపడినది.

ఆ ఒడంబడికయొక్క సారము చిన్నది. ఆటగాడు ముందు విద్యార్థి. కనుక ఆట బాగుగా ఆడునను కారణముచేత ఎవరికిని విద్యార్థివేతనము ఇయ్యరాదు. కుటుంబముయొక్క ఆర్థిక స్థితిని బట్టి తక్కిన విద్యార్థులకు ఇచ్చు సహాయమే ఆటగానికిని ఇయ్యవలెను. ఆటగాండ్రను చేర్చుకొనునపుడు వారి చదువు తక్కిన విద్యార్థుల చదువునకు మరీ దూరముగా నుండరాదు. ఆటల కాలమున పది ఆటలే ఆడవలెను; ఏడు కూటమిలో, మూడు వెలుపలివారితో. ఇతర కూటములు ఆగస్టు చివరనో, సెప్టెంబరు తొలి దినములలోనో పోటీలు మొదలుపెట్టగా, వీరు సెప్టెంబరు సగము గడచినగాని మొదలుపెట్టరు. నవంబరు మూడవ నాలుగవ వారముల నాటికి ముగింతురు. ఆపైన జాతీయ స్థాయి నాకౌటు పోటీలకు పోరాదు. ఈ చివరి నియమము ఏడు పదుల సంవత్సరములకు పైగా చెక్కుచెదరక నిలిచినది. దానిని గూర్చియే పిమ్మట చెప్పవలసియున్నది.

సన్నాహమనగా పరుగెత్తుట, బరువులెత్తుట, వ్యూహములు నేర్చుకొనుట మాత్రమే యని తలపవచ్చును. అవి అన్ని కూటములయందును ఉన్నవే. ఆగస్టు ఎండలో ఒక్కసారిగా పూర్తి కవచములతో ఆడించినచో వడదెబ్బ తగులును గనుక, తొలి దినములలో హెల్మెట్టు మాత్రమే ధరింపజేసి, తరువాత భుజకవచములు, ఆ తరువాతనే సంపూర్ణ వేషము తొడిగింతురు. దేహము వేడికి అలవాటు పడుటకు ఈ క్రమము. ఇది జాతీయ సంఘము విధించిన నియమము, అందరును పాటింపవలసినదే. ఐవీ లీగు ప్రత్యేకత మరియొక చోట నున్నది.

ఫుట్‌బాలులో తలకు తగులు దెబ్బలు ఆటనాడు మాత్రమే తగులవు. వారమునకు ఒక్కనాడు ఆట. తక్కిన దినములలో అభ్యాసము. తోటి ఆటగానినే నేలకూల్చుచు అభ్యాసము చేసినచో, ప్రత్యర్థి చేతిలో తిను దెబ్బలకంటె మిత్రుని చేతిలో తిను దెబ్బలు ఎక్కువ కావచ్చును. డార్ట్‌మత్ శిక్షకుడైన బడ్డీ టీవెన్స్ దీనిని గుర్తించెను. 2010 సంవత్సరమున ఆయన తన ఆటగాండ్రు అభ్యాసములో ఒకరినొకరు పడగొట్టుటను మానిపించెను. మెత్తని బొమ్మలను పడగొట్టుచు వారు ఆ నేర్పు సంపాదింపవలెను. పిమ్మట ఆ విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు విద్యార్థులే మనిషివలె మైదానముమీద పరుగెత్తు యంత్రపు బొమ్మను నిర్మించిరి. పడగొట్టుట అభ్యసింపని జట్టు ఆటలో ఎట్లు నిలుచునని పలువురు సందేహించిరి. నిలిచినది, 2015లో ఆ జట్టు కూటమి విజేతలలో ఒకటి యయ్యెను. 2016లో ఎనిమిది జట్ల శిక్షకులును ఏకగ్రీవముగా, ఆటల కాలము నడుచుచుండగా జరుగు అభ్యాసములలో ఈ పద్ధతిని మానవలెనని తీర్మానించిరి. టీవెన్స్ 2023లో సైకిలు ప్రమాదమున గాయపడి మరణించెను. ఆయన మొదలిడిన మార్పు మాత్రము నిలిచియున్నది.

అదే 2016లో మరియొక మార్పు జరిగినది. ఆట ఆరంభమునను, ఒక పక్షము అంకములు సంపాదించిన పిదపను బంతిని దూరముగా తన్నుదురు. దానిని కిక్‌ఆఫ్ అందురు. అప్పుడు రెండు పక్షములును చాల దూరమునుండి వేగముగా పరుగెత్తివచ్చి ఢీకొందురు. ఐవీ లీగు 2015 లెక్కలు తీసిచూడగా, మొత్తము ఆటలో ఈ కిక్‌ఆఫ్‌లు నూటికి 6 పాళ్లు మాత్రమే. మెదడు అదరుట వలన కలిగిన గాయములలో నూటికి 21 వానివలననే. అందుచేత బంతిని తన్ను స్థలమును 35వ గజపు గీతనుండి 40వ గీతకు జరిపిరి. అయిదు గజములు ముందునకు వచ్చిన బంతి తరచుగా గోలు గీతను దాటిపోవును. పట్టుకొని ఎదురు పరుగెత్తు అవసరము తగ్గును. ఫలితమేమనగా, వేయి కిక్‌ఆఫ్‌లకు అట్టి గాయములు మార్పునకు ముందు సుమారు 11 ఉండగా, తరువాత రెండు సంవత్సరములలో సుమారు రెండుకు దిగినవి. ఈ లెక్కలు 2018లో వైద్య పత్రికయందు ప్రకటింపబడినవి. అయిదు గజముల నేల ఎన్ని తలలను కాపాడినదో ఊహించుకొనవచ్చును.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. డార్ట్‌మత్ వలె ఒక జట్టు తనంత తాను సాహసింపవచ్చును. కాని ప్రత్యర్థి వారమునకు నాలుగు దినములు ఢీకొనుచు రాటుదేలుచుండగా, తాను మానివేయుటకు ఎందరు శిక్షకులు ఒప్పుకొందురు? ఓడినచో ఉద్యోగము పోవును. ఆటగాండ్రకు అదే మేలని ఎరిగియు ఒంటరిగా ఆయుధము దించుటకు ఎవరును సాహసింపరు. ఎనిమిదిమందియు ఒక్కమారే దించినపుడు ఎవరికిని నష్టము లేదు. కూటమి యనునది ఇందుకొరకే. పోటీలు ఏర్పాటు చేయుటకు ఒక గుమాస్తా చాలును. పోటీకి హద్దులు ఏర్పరచుటకు మాత్రము కూటమి కావలెను. ఆటల కాలమునకు ముందు జట్టు చేసికొను సన్నాహము గెలుపుకొరకు. కూటమి చేసికొను సన్నాహము ఆ గెలుపునకు చెల్లింపదగిన వెల ఎంతయో నిర్ణయించుటకు.

ఇక చిక్కు సంగతి. ఐవీ లీగు విద్యార్థులు తక్కిన ఆటలన్నింటను జాతీయ పోటీలకు పోవుచునే యుండిరి. బాస్కెట్‌బాలు జట్టు పోవచ్చును, ఈతగాండ్రు పోవచ్చును. ఫుట్‌బాలు జట్టు మాత్రము పోరాదు. చదువు చెడును, పరీక్షలు దగ్గరపడును, దేహమునకు విశ్రాంతి యుండదు అని పెద్దలు చెప్పిన కారణము. తక్కిన ఆటలవారికి పరీక్షలు లేవా యని విద్యార్థుల ప్రశ్న. ఈ ప్రశ్నకు సూటియైన సమాధానము ఎవరును చెప్పలేకపోయిరి. తుదకు కూటమిలోని విద్యార్థి క్రీడాకారుల సలహా సంఘమే ఈ నియమమును మార్పుడని కోరినది. 2024 డిసెంబరులో అధ్యక్షులు అంగీకరించిరి. ఆ ప్రకారము 2025 ఆటల కాలము మొదలు ఐవీ లీగు విజేత మొదటి డివిజనులోని రెండవ తరగతి నాకౌటు పోటీలకు పోవుటకు అర్హత పొందినది.

దీనివలన మొదట మారినది విజేత యను మాటకు అర్థము. అంతకుముందు రెండు మూడు జట్లు సమానముగా నిలిచినచో గౌరవమును పంచుకొని సంతోషముగా ఇండ్లకు పోవుచుండిరి. 2024లో కొలంబియా, డార్ట్‌మత్, హార్వర్డు మూడును అట్లే పంచుకొన్నవి. కొలంబియాకు 1961 తరువాత అదియే మొదటి కిరీటము; 1983 మొదలు 1988 వరకు వరుసగా 44 ఆటలు ఓడిన జట్టది. ఇకమీదట పంచుకొన్నను, పంపవలసినది ఒకరినే గనుక, సమానులలో ఎవరు ముందో తేల్చు నియమము అవసరమైనది. 2025లో హార్వర్డు, యేలు రెండును కూటమిలో ఆరేసి ఆటలు గెలిచి, ఒక్కొక్కటి ఓడి సమముగా నిలిచినవి. పరస్పరము ఆడిన ఆటలో యేలు గెలిచినది గనుక ఆ జట్టుకు కూటమి పక్షమున స్థానము దక్కినది. హార్వర్డును ఎంపిక సంఘము వేరుగా పిలిచినది. యేలు తన మొదటి నాకౌటు ఆటలో ఒక్క అంకము తేడాతో గెలిచి, తరువాతి ఆటలో ఓడినది.

రెండవ మార్పు ఇంతకంటె లోతైనది. పది ఆటలకు సిద్ధమగు దేహము వేరు. పది ఆటలకు పైన మరి నాలుగైదు ఆటలు ఉండవచ్చునని సిద్ధమగు దేహము వేరు. ఆ పోటీలలో 24 జట్లు. నవంబరు చివర మొదలై తుది ఆట జనవరిలో జరుగును. నడుమ డిసెంబరులో పరీక్షలు. ఎదుట నిలుచు జట్లలో అధికభాగము ఆటకొరకే విద్యార్థివేతనములిచ్చి చేర్చుకొన్నవారితో నిండినవి. అట్టివారితో తలపడవలెనన్నచో, ఆటల కాలమును వారమో రెండు వారములో ముందుగా మొదలుపెట్టుదము, అభ్యాసములో కొంచెము ఢీకొనుట తప్పదు, ప్రవేశములలో కొంచెము చూచీ చూడనట్లు పోదము అను మాటలు నెమ్మదిగా వినబడవచ్చును. ఒక్కొక్కటి చిన్న కోరికవలె నుండును. గోడకు ప్రాకిన తీగ రాయిని ఒక్కనాడు కదల్చదు.

ఈ ఒత్తిడికి వెనుక ధనము కూడ ఉన్నది. అమెరికాలో 2021 జూలై మొదలు కళాశాల ఆటగాండ్రు తమ పేరును, రూపమును ప్రకటనలకు వినియోగించి డబ్బు సంపాదించుటకు అనుమతి లభించినది. 2025 జూనులో న్యాయస్థానము ఆమోదించిన ఒక రాజీ వలన, ఇష్టపడిన విశ్వవిద్యాలయములు మొదటి ఏడు రెండు కోట్ల డాలర్లకు పైబడి తమ ఆటగాండ్రకు నేరుగా పంచుటకు వీలు కలిగినది. ఐవీ లీగు దానిలో చేరలేదు. మేము విద్యార్థివేతనమే ఇయ్యము, జీతమెట్లు ఇత్తుమని దాని వాదము. ఈ వాదమును అందరును మెచ్చరు. లక్షలమంది చూచు ఆటలను ఆడించి, విశాలమైన నిధులు గల విద్యాపీఠములు ఎనిమిది కూడబలుకుకొని ఆటగానికి ఏమియు ఇయ్యకుండుట నిగ్రహమా, లేక పిసినారితనమా యని అడుగువారు కలరు. 2023లో కొందరు ఆటగాండ్రు ఇదియే చెప్పుచు న్యాయస్థానమునకు పోయిరి. 2024లో క్రింది న్యాయస్థానము ఆ దావాను కొట్టివేసినది. చట్టమున వాదము నిలువకపోయినను ప్రశ్న ప్రశ్నగానే యున్నది. పెద్దలు పెట్టు హద్దు ఎవరి మేలుకొరకో, ఆ హద్దులో నిలుచువానికి చెప్పగలిగియుండవలెను. తలకు దెబ్బలు తగ్గించిన నియమము ఈ పరీక్షకు నిలుచును. డబ్బును గూర్చిన నియమము అంత సులభముగా నిలువదు.

హద్దులు లేని దారి ఎచ్చటికి పోవునో చూచుటకు దూరము పోనక్కరలేదు. 1896లో కొన్ని మధ్య పశ్చిమ విశ్వవిద్యాలయములు, ఫుట్‌బాలును అదుపులో ఉంచుటకే, ఒక కూటమిగా ఏర్పడినవి. దాని నేటి పేరు బిగ్ టెన్. పేరులో పది; 2024 మొదలు సభ్యులు 18. అట్లాంటికు తీరమునుండి పసిఫికు తీరమువరకు వ్యాపించినది. 1869లో పొరుగూరి ప్రిన్స్‌టన్‌తో ఆడిన రట్గర్సు నేడు ఆ కూటమిలో చేరి, కూటమి ఆటలకై ఖండమును దాటి కాలిఫోర్నియాకు పోవలసియున్నది. టెలివిజను హక్కుల సొమ్ము ఈ ప్రయాణపు ఖర్చులను భరించును. విద్యార్థి పోగొట్టుకొను తరగతులను భరింపదు. ఆ కూటమికే మూలపురుషులలో ఒకటైన షికాగో విశ్వవిద్యాలయము మరియొక దారి పట్టినది. 1939 డిసెంబరులో, రాబర్టు హచిన్స్ అధ్యక్షుడుగా నున్నపుడు, ఆ పోటీలనే విడిచిపెట్టినది. ఆట లేకయు విద్యాపీఠము వర్ధిల్లినది. అయినను 1969లో చిన్న తరహాలో ఆటను మరల ప్రారంభించుకొన్నది. యౌవనమున్న చోట ఆట లేకుండ చేయుట కష్టమని దీనివలన తెలియుచున్నది.

సర్వము విడుచుటకును, సర్వమునకు లోబడుటకును నడుమ నున్న ఇరుకు దారిలో నడచుటకు ఐవీ లీగు ప్రయత్నించుచున్నది. నాకౌటు పోటీలకు తలుపు తీయుట నా దృష్టిలో దోషము కాదు. విద్యార్థులు అడిగినది న్యాయమైనది. ఏడు పదుల ఏండ్లు నిలిచినదను కారణముచేతనే ఒక నియమము పూజనీయము కాజాలదు. కాని తలుపు తీసిన వారిమీద ఒక బాధ్యత గలదు. ఆ తలుపు గుండ బయటికి పోవునది జట్టు మాత్రమే కావలెను. అభ్యాసపు నియమములు, ప్రవేశపు ప్రమాణములు, పరీక్షల తేదీలు దానివెంట పోరాదు.

ఇకమీదట ఐవీ లీగు ఆటల కాలము సమీపించినపుడెల్ల పత్రికలు ఎవరు గెలుతురని అంచనాలు వేయును. ఆ అంచనాలతోపాటు మరి మూడు సంగతులను కనిపెట్టి చూడవలెను. మొదటి ఆట ఏ తేదీన పెట్టిరి? వారములో ఎన్ని దినములు ఆటగాండ్రు ఒకరినొకరు ఢీకొనుచున్నారు? జట్టులోనివారు తక్కిన విద్యార్థులతోపాటు పరీక్షలు వ్రాసి పట్టము పుచ్చుకొనుచున్నారా? ఈ మూడును మునుపటివలె నున్నంతకాలము ఎనిమిది విద్యాపీఠముల ఒడంబడిక జీవించియున్నదని చెప్పవచ్చును. వానిలో ఒక్కటి సడలిననాడు, ఏ జట్టు గెలిచినను, ఆ కూటమి ఓడినట్లే.